డిగ్రీలో జపనీస్ తీసుకోవచ్చా? చదివినదాన్నిగా నా రివ్యూ

అందరికీ నమస్కారం. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచీ కామెంట్స్‌లో ఒకటే ప్రశ్న: "అక్కా, బీఏ జపనీస్ తీసుకోవచ్చా, లేకపోతే ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని ఎన్-3 రాసేస్తే సరిపోతుందా?" ఎన్-3 అంటే జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో మధ్య స్థాయి, ఎన్-5 తేలిక, ఎన్-1 అన్నిటికన్నా కష్టం. నేను బీఏ ఆనర్స్ జపనీసే చదివాను, అందుకే ఈ వీడియోలో రివ్యూ చేసేది ఆ కోర్సునే. నా మాట ముందే చెప్పేస్తున్నా. మీకు కావాల్సింది సర్టిఫికెట్, దాంతో ఒక ఉద్యోగం, అంతే అయితే దీనికోసం యూనివర్సిటీలో ఏళ్ళు పెట్టక్కర్లేదు. అదే జపాన్ వాళ్ళ రాత, చరిత్ర, మర్యాదలు, వాళ్ళు అలా ఎందుకు మాట్లాడతారు అన్నది లోపలికెళ్ళి తెలుసుకోవాలని ఉంటే మాత్రం కళ్ళు మూసుకుని చేరిపోండి.

ఎక్కడున్నాయి అంటే, మనకి దగ్గర్లో హైదరాబాద్ తార్నాకలో ఇఫ్లూ, అంటే ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఉంది, ఢిల్లీలో జేఎన్‌యూ, శాంతినికేతన్‌లో విశ్వభారతి వాళ్ళ నిప్పన్ భవన. అక్షరం ముక్క రాకపోయినా పర్లేదు, డిగ్రీలో మొదటి సంవత్సరం అఆల నుంచే మొదలవుతుంది.

ఆ అఆల దగ్గరే తెలుగువాళ్ళకి మంచి సంగతి ఒకటి ఉంది. జపనీస్ అక్షరమాల వరస అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. ఎక్కడో విన్నట్టు లేదూ? జపాన్ బౌద్ధ సన్యాసులు మన దేశపు సిద్ధం లిపి చదువుకున్నారు, ఆ వరస అక్కణ్ణుంచే వెళ్ళింది. వాక్యం కూడా అంతే, క్రియ చివర్లోనే వస్తుంది. "నిన్న కొన్న పుస్తకం" అనాలంటే "కినో కత్తా హోన్", మాట పక్కన మాట పెట్టుకుంటూ పోవడమే, ఇంగ్లీష్‌లోలాగా వాక్యాన్ని తిరగేసే పని లేదు. మనం బస్సు అంటాం, వాళ్ళు బసు అంటారు, ఒక్క 'న్' తప్ప హల్లుతో మాట ఆపడం వాళ్ళకీ అలవాటు లేదు. మొదటి సెమిస్టర్ హాయిగా గడిచిపోవడానికి ఇదే కారణం, కాబట్టి ఇంట్లో తెలుగు బాగా మాట్లాడేవాళ్ళు భయపడకండి.

టెన్షన్ మొదలయ్యేది కాంజీలతో, అంటే చైనా నుంచి వచ్చిన, ఒక్కోటీ ఒక అర్థాన్ని చెప్పే అక్షరాలతో. జపాన్ ప్రభుత్వం 2010లో సవరించిన నిత్య వాడుక జాబితాలోనే 2136 ఉన్నాయి. సంఖ్య చూసి కంగారు పడకండి, అసలు కష్టం ఒక్కోదాన్ని ఎన్ని రకాలుగా పలకాలి అన్న దగ్గర ఉంది. ఐదే ఐదు గీతల కాంజీ ఒకటి చూపిస్తా, ఇదిగో స్క్రీన్ మీద: 生. టీచర్ అనే సెన్సేయ్‌లో దీన్ని సెయ్ అని చదవాలి, పుట్టినరోజు అనే తన్‌జోబిలో జో, బతకడం అయితే ఇకిరు, పుట్టడం అయితే ఉమారెరు, పచ్చి చేప దగ్గరకొస్తే నామా. జేఎల్‌పీటీ పరీక్షలో ఉన్న ఆప్షన్లలోంచి సరైనది నింపితే చాలు, ఎన్-1 దాకా వెళ్ళినా మీచేత ఒక్క వాక్యం రాయించరు, మాట్లాడించరు కూడా. యూనివర్సిటీలో మాత్రం చేత్తో రాయాలి, గీతల వరస తప్పితే మార్కులు పోతాయి. విసుగొచ్చినా సరే, అలా రాసి నేర్చుకున్న కాంజీలే నాకు ఈరోజుకీ గుర్తున్నాయి.

ఇక కోర్సులో నాకు ప్రాణం లాంటి భాగం, కల్చర్ పేపర్లు. ఒక ట్రాన్స్‌లేషన్ క్లాసులో ఒక జపనీస్ ఉత్తరం ఇచ్చారు. పని గురించి రాసిన ఉత్తరమే, కానీ మొదటి వాక్యం నిండా వానాకాలం గురించి, ఉత్తరం అందుకునేవాళ్ళ ఆరోగ్యం గురించి, అసలు విషయం ఆ తర్వాతే. ఏ నెలకి ఏ పలకరింపు అన్నదానికి ఒక పద్ధతే ఉంది. మా మేడమ్ ఏం చేశారంటే, మే నెల హైదరాబాద్ ఎండకి సరిపోయే పలకరింపు జపనీస్‌లో మమ్మల్నే రాసుకురమ్మన్నారు. క్లాసంతా మామిడిపళ్ళు, మల్లెపూలు, వడగాలి రాసుకొచ్చాం, ఒక్కోదాన్నీ ఆవిడ కూర్చోబెట్టి దిద్దారు. ఇన్‌స్టిట్యూట్‌లో ఇంత తీరిక దొరకదు. గౌరవ వాచకాలూ అంతే. తినడం అన్నదానికి ఎదుటివాళ్ళయితే మెషిఅగరు, తనని తాను తగ్గించుకుని చెప్పుకుంటే ఇతదకు. లిస్టు బట్టీ కొట్టొచ్చు, ఎవరి ముందు ఏది వాడాలో తెలియాలంటే ఆ సమాజం తెలియాలి. మతం పేపర్‌లో ర్యూజు అని ఒక పేరు వచ్చింది, జపాన్ బౌద్ధంలో ఎనిమిది శాఖలకి మూలపురుషుడిగా కొలుస్తారట, తీరా చూస్తే మన ఆచార్య నాగార్జునుడు! నాకు ఒళ్ళు పులకరించింది.

బాగోలేనివీ చెప్పాలి కదా. మాట్లాడే ప్రాక్టీస్ చాలదు, పెద్ద క్లాసులో ఒక్కొక్కరికి దొరికేది కొద్ది నిమిషాలే, అందుకని ఫ్రెండ్స్‌తో రోజూ మాట్లాడి తీరాలి. సిలబస్‌లో సాహిత్యం ఉంటుంది, ఆఫీసు భాష తక్కువ. శ్రీసిటీలో ఇసుజు, కొబెల్కో, డైకిన్ లాంటి జపాన్ కంపెనీలున్నాయి, కానీ ఫ్యాక్టరీలో ఇంటర్‌ప్రిటర్‌గా నిలబడాలంటే మెషీన్లు, క్వాలిటీ, డిఫెక్ట్‌ల పదజాలం మీరే విడిగా నేర్చుకోవాలి. మా బ్యాచ్‌లో డిగ్రీ అయ్యేసరికి చాలామంది ఎన్-3 దగ్గరున్నారు, సొంతంగా కష్టపడ్డవాళ్ళే ఎన్-2 దాటారు, ఉద్యోగాల్లో పిలుపులు కూడా వాళ్ళకే ముందు వచ్చాయి. అందుకే డిగ్రీ చదువుతూనే జేఎల్‌పీటీ కూడా రాస్తూ ఉండండి, జులైలో, డిసెంబర్‌లో ఉంటుంది.

ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకి దొరకనిది ఇంకోటి ఉంది. జపాన్ ప్రభుత్వం ఇచ్చే మెక్స్ట్ స్కాలర్‌షిప్పుల్లో జపనీస్ స్టడీస్ అని ఒకటి, జపనీస్ భాష, సంస్కృతి డిగ్రీలో చదువుతున్నవాళ్ళ కోసమే పెట్టింది, దాదాపు ఏడాది పాటు అక్కడి యూనివర్సిటీలో చదవనిస్తారు. చేరిన రోజు నుంచే దానిమీద కన్నేసి ఉంచండి, ఆ ఏటి నోటిఫికేషన్ ఎంబసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. అప్లికేషన్ ఎలా నింపాలో వచ్చే వీడియోలో చేస్తా, మీ డౌట్లు ఇప్పుడే కామెంట్స్‌లో పెట్టేయండి.