కొరివి దెయ్యం ఏ ఊరిది?

శ్రోతలకు నమస్కారం.

రాత్రిపూట పొలానికి పోయేవాళ్ళకు మా జేజి మూడు జాగ్రత్తలు చెప్పి పంపేది. దూరంగా మంట కనపడితే నిప్పు అడగొద్దు. చీకట్లోంచి పేరు పెట్టి పిలుపు వినపడితే పలకొద్దు. వెలుగు ముందు పోతా ఉంటే దాని వెంబడి పోవద్దు. "నిప్పు అడిగితే ఏమవద్ది జేజీ?" అని నేను అడిగితే, "చుట్ట ముట్టించుకుందామని ఒకడు పోయినాడంట. పోయి చూస్తే, పొయ్యిలో కట్టెలకు మారుగా కాళ్ళు పెట్టుకోని కూచోనుండాదంట" అనేది. ఆ రాత్రికి నేను వాకిలి దాటేవాణ్ణి కాదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పెద్దవాళ్ళను కాస్త కదిలిస్తే ఇలాంటి కథ ఒకటి రాలుతుంది. దాని పేరు కొరివి దెయ్యం. కొరివి అంటే కాలే కట్టె. తలకొరివిలో ఉన్నదీ ఆ మాటే. అందుకే ఆ వెలుగు కంటపడగానే మనసు శ్మశానం వైపు పరుగెత్తుతుంది. బెంగాల్ చిత్తడి నేలల్లో ఇలాంటి వెలుగును ఆలేయా అంటారు, కచ్‌లోని బన్నీ గడ్డిభూముల్లో చిర్ బత్తి అంటారు. ఎక్కడైనా దాని తీరు ఒకటే. దగ్గరికి పోతే దూరం జరుగుతుంది, మనం నిలబడితే అదీ నిలబడుతుంది.

చదువుకున్నవాళ్ళను అడగండి, ఠక్కున జవాబొస్తుంది: "బురదలో పుట్టే గ్యాసండీ, మీథేను." ఆ మాట ఉత్తదేమీ కాదు. కరెంటు కొలతకు వోల్టు అని ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ వోల్టా, 1776లో ఇటలీలో ఒక సరస్సు అంచున బురదను కెలికి, పైకొచ్చిన బుడగలను పట్టి, ఆ వాయువు మండుతుందని చూపించాడు. అయితే మీథేను దానంతటది అంటుకోదు. అగ్గిపుల్ల గీసేవాడు ఎవడో ఉండాలి. కుళ్ళిన పదార్థంలోంచి ఫాస్ఫీను, దానితోపాటు డైఫాస్ఫీన్ అనే వాయువు కాస్త వస్తే, గాలి తగలగానే భగ్గుమంటుందనీ, ఆ అగ్గిపుల్ల అదేననీ కొందరి ఊహ. నాకు ఆ జవాబు సగమే రుచిస్తుంది. మన కథల్లో సగం ఎండిన నేల మీద, ఇసుక దిబ్బల మీద, కొండల మీద జరిగాయి. అక్కడ బురదెక్కడిది?

కథ చెప్పేవాళ్ళను నేను ముందు ఊరు అడుగుతాను. ఆ చుట్టుపక్కల రాత్రిపూట ఎవరు ఏ పని చేస్తారో తెలిస్తే వెలుగు సంగతి సగం తెలిసినట్టే.

ఉదయగిరి, సీతారామపురం వైపయితే వెలిగొండలు. వెలిగే కొండ కాబట్టే ఆ పేరొచ్చిందని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. వేసవిలో ఎండుగడ్డికి నిప్పంటుకుంటే పగలు పొగ తప్ప ఏమీ కనపడదు. పొద్దుగూకితే కొండ మెడలో ఎర్రటి హారం, నిదానంగా పాకుతా. సముద్రం ఒడ్డు ఊళ్ళయితే సంగతి వేరు. బంగాళాఖాతంలో కొన్ని రాత్రులు కంటికి ఆనని జీవులు నీళ్ళు కదిలితే నీలంగా మెరుస్తాయి. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో అలలు అలా మెరిస్తే జనం ఫోన్లు పట్టుకుని ఒడ్డుకు పరుగెత్తారు.

ఇక పులికాట్ లాంటి ఉప్పునీటి అంచులు. అక్కడ రాత్రి ఎండ్రకాయలు పట్టేవాళ్ళను ఒకసారి దూరం నుంచి చూడాలి. దీపం నేలబారుగా ఉంటుంది, ఎందుకంటే చూపంతా నీళ్ళలోనే. నాలుగడుగులు వేసి ఆగుతారు. వెలుగు పడ్డ ఎండ్రకాయ కదలకుండా నిలబడిపోతే వంగుతారు, మనిషి అడ్డమొచ్చి దీపం మాయమవుతుంది. లేస్తే మళ్ళీ వెలుగు. మనిషి ఒడ్డునుంచి కనపడడు, మాట వినపడదు. దెయ్యానికి ఇంతకంటే ఏం కావాలి?

దీపం మరీ దూరాన ఉంటే, ఎక్కడుందో చెప్పడం ఇంకా కష్టం. ఆస్ట్రేలియాలో పశువుల కాపరులను వెంటాడే మిన్ మిన్ వెలుగు ఒకటుంది. జాక్ పెటిగ్రూ అనే శాస్త్రవేత్త దాని వెంటపడి 2003లో ఫలితం ప్రచురించాడు. గాలి లేని చల్లటి రాత్రి, మామూలుగా చూపుకు అందనంత దూరంలో, సుమారు 10 కిలోమీటర్ల అవతల కారు దీపాలు వేయిస్తే, ఇటున్నవాళ్ళకు అవి నేలకు పైన తేలుతూ కనిపించాయి. నేలను ఆనుకున్న గాలి చల్లగా, దానిపై పొర వెచ్చగా ఉంటే వెలుగు తిన్నగా పోకుండా కిందికి వంగి, నేల వంపును అనుసరించి వస్తుంది. మన ఉప్పు మడుల మీద, బయలు పొలాల మీద మంచు దిగే పుష్యమాసపు రాత్రులు తలుచుకోండి.

కన్ను కూడా తక్కువది కాదు. కారుచీకట్లో ఒంటరి వెలుగును తదేకంగా చూస్తే, అది కదలకపోయినా కదిలినట్టే ఉంటుంది. 1935లో ముజఫర్ షరీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనిమీద ప్రయోగం చేశాడు. చీకటి గదిలో వెలుగు ఎంత కదిలిందో విడివిడిగా అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. కలిపి కూర్చోబెడితే లెక్కలు మెల్లగా దగ్గరయ్యాయి. రచ్చబండ మీద మనం చేసే పని కూడా అదేగా!

ఇప్పుడు మా ఊరి సంగతి. కావలికి తూర్పున, చెరువు కింద ఊరు మాది. చెరువుకు ఎగువన ఇంకో ఊరు. వాళ్ళ బావుల దగ్గర కొరివి దెయ్యం తిరుగుతుందని మా ఊళ్ళో గట్టి నమ్మకం. కట్ట మీద నిలబడి చాలామంది చూశారు. చెరువులో అడ్డంగా పడి దాని వెంబడి పోదామన్నవాణ్ణి ఆపింది దెయ్యం భయమో, మోకాలిదాకా దిగే ఒండ్రో చెప్పలేను. మా జేజి మూడో జాగ్రత్త అలాంటి ఒండ్రులో పుట్టిందేనని నా అనుమానం.

మా మామయ్యది నీళ్ళ వంతు. రెండు రోజులకొకసారి రాత్రి రెండో జామున లాంతరు పట్టుకుని కట్ట మీదుగా తూము దాకా పోయేవాడు. లాంతరు మోకాలి ఎత్తున ఊగుతుంది. అడుగడుగుకీ కాలు అడ్డం వస్తుంది. అవతలి ఒడ్డునుంచి చూస్తే వెలుగు రెప్పలార్పుతూ నడుస్తున్నట్టే. నీళ్ళలో నీడ పడి రెండవుతుంది. తూము మెట్లు దిగితే భూమిలోకి దిగిపోతుంది. ఇదంతా మాకెవరికీ తట్టలేదు, ఒక పెళ్ళిలో ఎగువ ఊరి పెద్దాయన నోరు విప్పేదాకా.

"మీ కట్ట మీద కొరివి దెయ్యం ఇంకా తిరగతా ఉండాదా బావా?" అన్నాడాయన.

"మా కట్ట మీదా? మీ బావుల కాడ కదా ఉండేది!" అన్నాడు మామయ్య.

రోజులు కలుపుకున్నారు, జాములు కలుపుకున్నారు. అడవిపందులు వేరుశనక్కాయ తవ్వకుండా లాంతరుతో కాపలా తిరిగింది ఆ పెద్దాయనే. పందిట్లో ఒకటే నవ్వు. నవ్వు తగ్గాక ఆయన ఇంకో మాట అన్నాడు.

"అదంతా సరే. కాలిరిగి నువ్వు మంచాన పడినావే, ఆ రెండు నెల్లూ కట్ట మీద వెలుగు మానలేదే?"

తమలపాకుకు సున్నం రాస్తున్న మామయ్య వేలు ఆగిపోయింది. "ఆ నీళ్ళ పని కూలి మనిషికి అప్పజెప్పినాం గదా. వాడు పగలే పోయేవాడంట" అన్నాడు.

వడ్డన గిన్నె దించుతూ మా అత్త అందుకుంది. "ఏ కూలి మనిషి? డబ్బులేడ ఉన్నాయి ఇయ్యను? నేనే పోయినా."