ది నేమ్ ఆఫ్ ద రోజ్ (1986) రివ్యూ: ఆ మఠంలో తప్ప ఇంకెక్కడా జరగలేని హత్యలు

నమస్తే అండీ అందరికీ. ఈరోజు మాట్లాడుకోబోయే సినిమా ది నేమ్ ఆఫ్ ద రోజ్. 1986లో వచ్చింది, ఫ్రెంచ్ డైరెక్టర్ జాన్-జాక్ అన్నో తీశాడు, మెయిన్ రోల్ షాన్ కానరీ. అవును, పాత జేమ్స్ బాండ్ ఆయనే, కానీ ఇందులో నడినెత్తి గొరిగించుకుని ముతక అంగీ వేసుకుని గాడిద మీద కొండెక్కి వచ్చే ఒక సన్యాసి. రెండు గంటల పది నిమిషాల సినిమా. మొదట స్పాయిలర్లు లేకుండా చెప్తాను, ఆ తర్వాత ముందే చెప్పి మరీ హంతకుడి విషయంలోకి వెళ్తాను, ఎందుకంటే ఈ సినిమా గొప్పతనం అంతా ఆ హత్యలకి కారణం ఏంటన్న దాంట్లోనే ఉంది, అది దాచిపెట్టి రివ్యూ చెప్తే సగమే చెప్పినట్టు.

కథ 1327లో. ఉత్తర ఇటలీ కొండల్లో ఒక బెనడిక్టైన్ మఠం, అంటే సెయింట్ బెనడిక్ట్ నియమాలు పాటించే సన్యాసుల మఠం, చలికాలం, చుట్టూ మంచు. బాస్కర్‌విల్ విలియం అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి, అంటే సెయింట్ ఫ్రాన్సిస్ పెట్టిన ఇంకో సంఘం వాడు, ఆయన వెంట ఆడ్సో అనే కుర్ర శిష్యుడు, క్రిస్టియన్ స్లేటర్ వేశాడు, అప్పటికి ఇంకా టీనేజ్ కుర్రాడే. వీళ్ళు వచ్చింది హత్య ఎంక్వైరీకి కాదు. ఫ్రాన్సిస్కన్లకీ పోప్ మనుషులకీ మధ్య అక్కడ ఒక పెద్ద చర్చ జరగాలి, దానికి వచ్చారు. వచ్చేసరికి మఠంలో ఒక కుర్ర చిత్రకారుడు, పుస్తకాల్లో బొమ్మలు వేసేవాడు, టవర్ కింద శవమై ఉన్నాడు. మఠాధిపతి విలియంని పిలిచి, పోప్ మనుషులు వచ్చేలోపు ఇది తేల్చిపెట్టమంటాడు. తేలేలోపు ఇంకో శవం, గ్రీకు అనువాదకుడిది, పందుల రక్తం నింపిన తొట్టిలో తలకిందులుగా, కాళ్ళు మాత్రం పైకి. ఆ షాట్ ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోలేరు.

చాలా మర్డర్ మిస్టరీల్లో ఏంటంటే, కథ ఎక్కడ జరిగినా ఒకటే, బంగ్లా తీసేసి రైలు పెట్టండి, రైలు తీసేసి ఓడ పెట్టండి, హత్య అలాగే ఉంటుంది. ఇక్కడ అలా కుదరదు. ఈ హత్యలు ఆ మఠంలోనే, ఆ లైబ్రరీ వల్లనే, ఆ సన్యాసులు బతికే నియమాల వల్లనే జరుగుతాయి. ఒక్క నియమం తీసేసినా హత్య జరగదు. నేను ఈ వీడియో చేయడానికి కారణం అదే.

చూడండి, ఆ మఠంలో అందరూ పొద్దంతా కూర్చునేది రాతగదిలో. ప్రింటింగ్ రావడానికి ఇంకా వందేళ్ళకి పైగా ఉంది, పుస్తకం అంటే ఒక మనిషి కూర్చుని గొర్రె తోలు మీదో దూడ తోలు మీదో ఈకతో ఒక్కో అక్షరం రాయాలి, నెలలు పడుతుంది. కాబట్టి పుస్తకం అంటే ఆస్తి, కాపలా పెట్టాల్సిన ఆస్తి. టవర్‌లో ఉన్న లైబ్రరీలోకి లైబ్రేరియన్, ఆయన అసిస్టెంట్ తప్ప ఇంకెవరూ పోకూడదు. ఏ పుస్తకం ఎవరికివ్వాలో వాళ్ళే డిసైడ్ చేస్తారు. చదువుకోవడానికే జీవితం ఇచ్చేసిన మనుషుల్ని ఒక చోట పెట్టి, పైన తలుపు వేసి, ఇందులో మీరు చదవకూడనివి ఉన్నాయి అని చెప్తే ఏమవుతుంది? రాత్రిపూట దొంగతనంగా వెళ్తారు, అడిగినవాడికి ఏదో ఒకటి ఇచ్చి పుస్తకం తెచ్చుకుంటారు, రహస్యాలు, బ్లాక్‌మెయిల్, అన్నీ మొదలవుతాయి. మొదటి చావు వెనక ఉన్నది కూడా అలాంటి బేరమే.

విలియం పాత్ర గురించి చెప్పాలి. దిగిన కాసేపటికే ఆడ్సోకి అర్జెంట్‌గా బయటికి వెళ్ళాల్సి వస్తుంది, అడగడానికి మొహమాటపడుతుంటే విలియం కూర్చున్న చోటినుంచే దారి చెప్పేస్తాడు. ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు కదా ఎలా తెలుసు అంటే, మనం వస్తున్నప్పుడు ఒక సన్యాసి హడావిడిగా అటు పోయి నింపాదిగా తిరిగి రావడం చూశాను అంటాడు. ఎంత చిన్న సీనో, కానీ మనిషి ఎలాంటివాడో మొత్తం తెలిసిపోతుంది. అదే గదిలో ఆయన తన ఖగోళ పరికరాలు బయటికి తీసి చూసుకుంటూ ఉంటే మఠాధిపతి వస్తాడు, వెంటనే వాటి మీద గుడ్డ కప్పేస్తాడు. ఒక్క డైలాగ్ లేకుండా ఆ కాలంలో తెలివైనవాడు ఎంత భయంతో బతకాలో చెప్పేశాడు డైరెక్టర్. ఇంకోటి, ఆయన కళ్ళజోడు. ఇటలీలో కళ్ళజోళ్ళు వచ్చింది 1280ల్లో, అంటే కథ టైంకి నలభై ఏళ్ళ కొత్త వస్తువు, రాతగదిలో ఆయన అది పెట్టుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు వింతగా చూస్తారు.

షాన్ కానరీకి ఆ టైంలో కెరీర్ ఏమంత బాగా లేదు, ఈ రోల్‌కి ఆయన పేరు అనగానే వద్దన్నవాళ్ళు ఉన్నారు. సినిమా అమెరికాలో సరిగ్గా ఆడలేదు కూడా, 72 లక్షల డాలర్లు మాత్రమే, కానీ యూరప్‌లో జనం విరగబడి చూశారు, ప్రపంచం మొత్తం మీద 7 కోట్ల 70 లక్షల డాలర్ల దాకా వచ్చింది. 1988లో బెస్ట్ యాక్టర్‌గా బాఫ్టా, అంటే బ్రిటన్ సినిమా అవార్డు, ఇచ్చారు ఆయనకి. నన్నడిగితే ఆయన మొత్తం కెరీర్‌లో బెస్ట్ ఇదే. ఆ కంట్లో ఎప్పుడూ ఒక మెరుపు, ఏదైనా క్లూ దొరికితే చిన్నపిల్లాడి సంతోషం, అంతలోనే పాత భయం ఒకటి మొహంలోకి వచ్చేస్తుంది. ఒకప్పుడు ఈ విలియం కూడా ఇంక్విజిషన్‌లో, అంటే మతద్రోహుల్ని విచారించే చర్చి కోర్టులో, జడ్జిగా పనిచేసినవాడే, ఒక మనిషి నిర్దోషి అని చెప్పినందుకు తననే పట్టుకుని హింసిస్తే చివరికి మాట వెనక్కి తీసుకున్నవాడు. ఆ సంగతి శిష్యుడికి చెప్పే సీన్‌లో కానరీ గొంతు ఒక్కసారి కూడా పెంచడు.

మిగతా మొహాలు చూడండి ఒకసారి. అన్నో కావాలనే వింత మొహాలు వెతికి వెతికి పెట్టాడు, పళ్ళు లేనివాళ్ళు, పాలిపోయినవాళ్ళు, కనుబొమ్మలు లేనివాళ్ళు. రాన్ పెర్ల్‌మన్ వేసిన సాల్వతోరే, గూనివాడు, లాటిన్ ఇటాలియన్ స్పానిష్ ఇంగ్లీష్ అన్నీ కలగలిపి ఒకే వాక్యంలో మాట్లాడతాడు, మొదట భయమేస్తుంది, తర్వాత జాలేస్తుంది. లోపలి సీన్లు చాలా వరకు జర్మనీలోని ఎబర్‌బాఖ్ మఠంలో తీశారు, అది 1136లో స్థాపించిన నిజమైన మఠం, ఆ రాళ్ళ చల్లదనం స్క్రీన్ మీద తెలుస్తుంది, మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తుంటుంది. బయట కనిపించే టవర్, మఠం మాత్రం రోమ్ దగ్గర ఒక కొండ మీద వేసిన సెట్, డిజైన్ డాంటే ఫెర్రెట్టి. మధ్యయుగాల మీద పెద్ద చరిత్రకారుడు జాక్ ల గాఫ్‌ని సలహాకి పెట్టుకున్నారు, అందుకే పందులు కోసే చోటు దగ్గర్నుంచి కొవ్వొత్తుల దాకా ఏదీ షోకేస్‌లో పెట్టినట్టు ఉండదు. మఠం గోడ కన్నంలోంచి మిగిలిపోయిన చెత్త తిండి కిందకి జారవిడిస్తే ఊరివాళ్ళు దాని కోసం కొట్టుకుంటారు, చూసి తట్టుకోవడం కష్టం, ఆ ఊరివాళ్ళు తెచ్చి ఇచ్చే ధాన్యం, కోళ్ళతోనే లోపల అందరూ బతికేది.

సరే, ఇక్కడి నుంచి స్పాయిలర్లు. చూడనివాళ్ళు ఇక్కడ ఆపేసి, సినిమా చూసి రండి. పిల్లల్ని మాత్రం పక్కన పెట్టుకోకండి, శవాలు ఉన్నాయి, వంటింట్లో ఒక సీన్ ఉంది, అది అంత వివరంగా తీయాల్సిన అవసరం లేదని నా ఫీలింగ్.

హంతకుడు హోర్హే, గుడ్డి ముసలాయన, మఠంలో అందరికంటే పెద్దవాళ్ళలో ఒకడు. కారణం ఒక పుస్తకం. అరిస్టాటిల్ కావ్యశాస్త్రంలో విషాద నాటకం గురించి రాసిన భాగం మనకి దొరికింది, కామెడీ గురించి రాసిన రెండో భాగం దొరకలేదు, ఇది నిజమైన చరిత్రే. ఆ పోయిన రెండో భాగం ఒక్క కాపీ ఈ లైబ్రరీలో ఉంది అన్నది కథ. హోర్హే వాదన ఏంటంటే, నవ్వు భయాన్ని చంపేస్తుంది, భయం లేకపోతే దేవుడి అవసరం మనిషికి ఉండదు, మామూలు జనం నవ్వుకుంటే పర్లేదు కానీ అరిస్టాటిల్ అంతటివాడు నవ్వు మంచిదే అని రాశాడని పండితులకి తెలిస్తే ఇక దేన్నైనా నవ్వేస్తారు. అందుకని పేజీల అంచులకి విషం పూస్తాడు. మనం నోట్లు లెక్కపెట్టేటప్పుడు వేలు నాలుకకి తడుపుకుంటాం కదా, వాళ్ళు పేజీ తిప్పడానికి అదే చేస్తారు, ఎంత ఇష్టంగా చదివితే అంత విషం లోపలికి. చచ్చినవాళ్ళ వేలు నలుపు, నాలుక నలుపు. అర్థమైందా అండీ, ఎవరినీ కత్తితో పొడవక్కర్లేదు, చదవాలన్న ఆశే వాళ్ళని చంపేస్తుంది.

ఇంకా నచ్చింది ఏంటంటే క్లూ చాలా ముందే మన ముందు పెట్టేశాడు. రాతగదిలో ఒక ఎలుకని చూసి ఒకాయన కెవ్వుమంటాడు, అందరూ నవ్వేస్తారు, ఆ నవ్వు మీద ఈ ముసలాయన విరుచుకుపడతాడు. ఏదో చాదస్తం అనుకుని వదిలేస్తాం. నిజానికి 6వ శతాబ్దంలో సెయింట్ బెనడిక్ట్ రాసిన నియమావళిలోనే నవ్వు పుట్టించే మాటలు వద్దని ఉంది. విలియమేమో ఫ్రాన్సిస్కన్, సెయింట్ ఫ్రాన్సిస్ నవ్వే మనిషి కదా అని ఎదురు చెప్తాడు. రెండు సన్యాసి సంఘాల మధ్య మాట పట్టింపులా కనిపించిన ఆ సీన్‌లోనే హత్యకి మోటివ్ మొత్తం ఉంది. రెండోసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఇక నచ్చనిది. బెర్నార్డో గుయ్, ఇంక్విజిటర్, ఎఫ్. ముర్రే అబ్రహం వేశాడు. నటన భయంకరంగా బాగుంది, కానీ రాసిన తీరు నాకు నచ్చలేదు. ఈయన నిజంగా ఉన్న మనిషి, తులూజ్‌లో 1307 నుంచి పదిహేనేళ్ళకి పైగా ఇంక్విజిటర్‌గా చేశాడు, తొమ్మిది వందలకి పైగా తీర్పులు, వాటిలో నలభై మందికి పైగా మరణశిక్షలు, ఇంక్విజిటర్లు ప్రశ్నలు ఎలా అడగాలో పద్ధతిగా ఒక పుస్తకమే రాశాడు. 1331లో బిషప్ హోదాలో పోయాడు. అంటే ఆఫీసులో కూర్చుని ఫైళ్ళు రాసుకుంటూ మనుషుల్ని మంటల్లోకి పంపినవాడు, ఆ నెమ్మది కదండీ అసలు భయం. సినిమాలో ఏమో ఊరివాళ్ళు తిరగబడి, ఆయన బండిని కొండమీంచి తోసేసి చంపేస్తారు, మంత్రగత్తె అని ముద్ర వేసి ఆయన కాల్చమన్న ఊరి అమ్మాయి, వంటింటి సీన్‌లో ఆడ్సోతో ఉన్న అమ్మాయే, బతికిపోతుంది. ఈ సినిమాకి మూలమైన ఉంబెర్టో ఎకో నవలలో ఈ రెండూ లేవు, అక్కడ ఆ అమ్మాయిని గుయ్ పట్టుకుపోతాడు, ఆమెని ఎవరూ కాపాడలేరు. థియేటర్‌లో జనం కసి తీరాలని పెట్టినట్టుంది, అప్పటిదాకా ఎంతో నిజాయితీగా నడిచిన సినిమా అక్కడ తలవంచేసింది.

ఆ పోప్, ఫ్రాన్సిస్కన్ల చర్చని కూడా తేలిగ్గా తీసిపారేశారు. క్రీస్తుకి తను వేసుకున్న బట్టలైనా సొంతమా కాదా అని అరుచుకుంటుంటే మనకి వెర్రి గొడవలా అనిపిస్తుంది. కానీ క్రీస్తుకి ఆస్తి లేదు అంటే చర్చికి అంత ఆస్తి ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది, అందుకే 22వ జాన్ పోప్ 1323లో అలా అనడమే మతద్రోహం అని ఆర్డర్ వేశాడు. గోడ కన్నంలోంచి చెత్త పడేసే సీన్ తీసిన డైరెక్టర్‌కి ఇది తెలుసు, ఇంకో రెండు నిమిషాలు ఇచ్చి ఉంటే రెండూ కలిసేవి.

లైబ్రరీ మాత్రం, అబ్బ, మాటలు చాలవు. నవలలో అది ఒకే అంతస్తులో ఉన్న గదుల చిక్కు, ఫెర్రెట్టి దాన్ని నిలువుగా లేపాడు, ఎటు చూసినా మెట్లు, కిందికీ పైకీ. క్లైమాక్స్‌లో విలియం చేతికి తొడుగు వేసుకుని పేజీలు తిప్పుతాడు, ముసలాయన ఆ విషపు పేజీలు చింపి నోట్లో కుక్కుకుంటాడు, దీపం పడి మంట అంటుకుంటుంది. కేసు తేలింది, కానీ పుస్తకం పోయింది, లైబ్రరీ పోయింది, ఒక్క ప్రాణం కూడా విలియం కాపాడలేదు.

వీలైతే సినిమా చూశాక నవల చదవండి, 1980లో వచ్చింది, మొదట్లో కాస్త ఓపిక పట్టాలి. 2019లో జాన్ టర్టూరోతో ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ కూడా వచ్చింది, కానీ ముందు ఈ సినిమానే చూడండి. చూసినవాళ్ళు ఒక్కటి చెప్పండి కామెంట్లలో. బయట నిర్దోషి అమ్మాయిని కాల్చడానికి కట్టెలు పేర్చి ఉన్న టైంలో విలియం ఆ టవర్ లోపల చేతులకి అందినన్ని పుస్తకాలు గుండెకి హత్తుకుని ఏడుస్తున్నాడు. ఆడ్సోకి గురువు మీద కోపం వచ్చింది చూశారా, మనుషుల కంటే పుస్తకాలే ఎక్కువా అని. నేను ఆడ్సో వైపే. మీరు ఎవరి వైపు?