పెట్టుబడి చీరలకు బీరువాలో వేరే అర

[దృశ్యం: తలుపులు తెరిచిన బీరువా. అరల నిండా చీరలు, పైన షాపు కవర్లు]

నమస్తే అండీ. ఇవాళ బీరువా సర్దుదాం. ‘ఏడాదిగా వేసుకోనిది తీసేయండి’ అని చాలామంది చెబుతుంటారు. జీన్సులకీ టీషర్టులకీ అది చాలేమో కానీ, మన బీరువాలు ఇరుకయ్యేది వాటివల్ల కాదు. ఒడిబియ్యంతో వచ్చిన చీర, గృహప్రవేశంలో బొట్టు పెట్టి చేతిలో పెట్టిన చీర, శ్రావణమాసం వాయినాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు... వీటిలో మనం ఏరికోరి కొన్నది ఒక్కటీ లేదు. పారేయలేం, కట్టలేం.

అందుకే చీరలన్నీ మంచం మీద వేసి, ఒక్కోటి పట్టుకుని రెండే చూడండి. ఫాల్ కుట్టించారా? జాకెట్టు ఉందా? రెండూ లేకుండా రెండు దసరాలు దాటాయంటే మీరిక దాన్ని కట్టరు. మొహమాటం లేకుండా పెట్టుబడి చీరల్లో, అంటే ఫంక్షన్లలో వేరేవాళ్లకి పెట్టడానికి ఉంచే వాటిలో వేసేయండి.

[క్లోజప్: చీర మడతలో చీటీ. ‘చిన్నత్తయ్య, గృహప్రవేశం, 2023’]

వీటికి ఒక అర వేరుగా ఉండాలి. ప్రతి చీరలో ఇలా ఒక చీటీ పెట్టండి: ఎవరు పెట్టారు, ఏ ఫంక్షన్‌లో. ఇది మాత్రం బద్ధకించొద్దు. ఇచ్చినావిడకే తిరిగి పెడితే ఆ ముచ్చట పదేళ్లు చెప్పుకుంటారు. ఆవిడ తోడికోడలికి పెట్టినా డేంజరే, ఇద్దరూ కలిసే షాపుకెళ్లి ఉంటారు! జాకెట్టు ముక్కల్లో 80 సెంటీమీటర్లవి, మీటరువి విడదీసి పెట్టుకోండి. చిన్న ముక్క అందరికీ సరిపోదు.

[దృశ్యం: ప్లాస్టిక్ కవరులోంచి పట్టుచీర తీసి, నూలు పంచెలో చుట్టడం]

ఇక కట్టుకునే పట్టుచీరలు. అసలు జరీ అంటే పట్టుదారం మీద సన్నటి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేస్తారు. వెండి కాబట్టే నల్లబడుతుంది. చెమట, తేమ తగిలితే ఇంకా త్వరగా. ప్లాస్టిక్ కవరులో ఆ తేమ బయటికి పోదు. ఉతికి ఆరేసిన పాత తెల్ల పంచె ఒకటి తీసి, అందులో చుట్టండి. మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి, లేదంటే జరీ అక్కడే విరిగి, చీర ఆ గీత వెంటే చీలిపోతుంది. సెంటు కొట్టుకునే అలవాటుంటే చీర కట్టకముందే కొట్టుకోండి. బరువు చీరల్ని హ్యాంగరుకి వేలాడదీయకండి.

కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి. చంటిపిల్లల బట్టల్లో అయితే అసలే వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు వాటి ఆవిరి వల్ల ఎర్రరక్తకణాలు దెబ్బతింటాయి. లవంగాలో, ఎండిన వేపాకో చిన్న మూట కట్టి అర మూలన పెట్టండి.

మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలకు గంజి పెట్టి నెలల తరబడి దాచకండి. వెండిరంగులో సర్రుమని పాకే సన్నటి పురుగులు ఉంటాయే, వాటికి ఆ గంజే తిండి. కట్టే ముందు పెట్టుకుంటే చాలు.

[దృశ్యం: గుమ్మం దగ్గర పాత బట్టల మూట, పక్కన స్టీలు గిన్నె]

తీసేయాల్సినవి మిగిలాయి. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్లు వస్తే సింథటిక్ చీరలు, ప్యాంట్లు వేయండి, బేరం మీ ఇష్టం. పాత జరీ పట్టుచీర మాత్రం ఆ మూటలో వేయకండి. వెండి చూసి డబ్బిచ్చే పాత జరీ షాపులున్నాయి. రెండు మూడు చోట్ల అడిగాకే ఇవ్వండి. మెత్తబడిన నూలు చీరలుంటే బొంత కుట్టించుకోండి, మీ ఊళ్లో కుట్టేవాళ్లు ఇంకా దొరికితే.