కరెంటు కష్టాలు, ఫోన్-ఇన్: సున్నా బిల్లు ఎందుకు తప్పింది?

యాంకర్: బోరబండ నుంచి కాలర్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మాకు మొన్నటిదాంక జీరో బిల్లు వస్తుండె. ఈసారి పదకొండు వందల పైన వచ్చింది. ఏసీ గీసీ ఏం లేదు. రెండర్రల రేకుల ఇల్లు. మూడు ఫ్యాన్లు, ఫ్రిజ్, కూలరు మొన్ననే కొన్నం, పెద్దోనికి నైట్ డ్యూటీ, పగలు పండాలె గదా...

ఇంజినీరు: బిల్లు మీద యూనిట్లెన్నమ్మా?

కాలర్: 214.

ఇంజినీరు: అదే. గృహజ్యోతి అంటే తెల్ల కార్డు ఇళ్లకి నెలకి 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం. 200 దాటితే ఆ నెల మొత్తానికీ కట్టాలి. మొదటి 200కి యూనిట్ 5.10 చొప్పున 1,020, పై 14కి 7.70 చొప్పున 107.80. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం వేరే.

కాలర్: పై 14కే కడితే కాదా సార్?

ఇంజినీరు: కాదమ్మా, మొత్తానికీ! అందుకే మీటర్ చూడండి, మీటర్ చూడండి అని మొత్తుకుంటాను. రీడింగ్ తీసిన రోజు అంకె రాసిపెట్టుకోండి. ఇరవయ్యో రోజుకి 130 దాటితే జాగ్రత్త పడాలి. ఇప్పుడు లెక్క వినండి. పాత ఫ్యాన్ 75 వాట్లు, రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి 27 యూనిట్లు. మూడింటికి 81. కూలర్ 180 వాట్లనుకుందాం, రోజుకి పది గంటలైతే నెలకి 54. ఫ్రిజ్ కొత్తదా?

కాలర్: ఎర్రగడ్డ సండే మార్కెట్ల తెచ్చినం.

ఇంజినీరు: అయితే రోజుకి రెండు యూనిట్లు తింటుంది, నెలకి 60. ఇవే 195. లైట్లు, టీవీ కలిస్తే మీ 214.

కాలర్: ఇదివరకు ఎండాకాలం గింత రాకపోతుండె...

ఇంజినీరు: ఇదివరకు కూలర్ లేదు, ఫ్రిజ్ లేదు. ఒకప్పుడు కనెక్షన్ లేకపోవడమే ఇబ్బంది. 1999లో దీపం పథకంతో గ్యాస్ వచ్చింది, రీఫిల్ డబ్బులు లేక మళ్లీ కట్టెలకి పోయిన ఇళ్లున్నాయి. కరెంటూ అంతే. తీగ వచ్చింది, ఇల్లు మాత్రం రేకుల కింద కాగుతోంది. డబ్బున్నవాళ్లు తక్కువ కరెంటు తినే ఫ్రిజ్ కొంటారు, వాళ్లు వదిలేసింది మీ ఇంటికొస్తుంది.

కాలర్: మరేం జెయ్యాలె?

ఇంజినీరు: ముందు ఎక్కువ తిరిగే ఫ్యాన్ ఒక్కటి బీఎల్‌డీసీకి, అంటే తక్కువ కరెంటు తినే మోటారున్న ఫ్యాన్‌కి మార్చండి. 30 వాట్లే, నెలకి 16 యూనిట్లు మిగులుతాయి. మీ 214 కాస్తా 198. రేకుల మీద సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించండి, పగుళ్లు ముందు పూడ్చాలి. రేకు మీద కాలు పెట్టొద్దు, విరుగుతుంది, పలక వేసుకుని నడవాలి. కూలర్ కిటికీలో పెట్టి, ఎదురు తలుపు తెరవండి. మూసిన గదిలో ఉక్కపోతే. ఫ్రిజ్ తలుపులో కాగితం పెట్టి మూయండి, తేలిగ్గా జారి వస్తే రబ్బరు పోయినట్టు.

కాలర్: మీటరే తప్పు తిరుగుతుందేమో సార్? మళ్లొకసారి...

ఇంజినీరు: ఇంట్లో మెయిన్ ఆపి మీటర్ మీది ఎర్ర లైటు చూడండి. అప్పుడూ మినుకుతుంటే మీటర్‌కీ మెయిన్‌కీ మధ్య ఎవరో వాడుతున్నారు, లేదా లీకేజీ. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. సీలు మాత్రం ముట్టుకోవద్దు. వచ్చే నెల 200 లోపుంటే మళ్లీ సున్నానే.

యాంకర్: థాంక్యూ అమ్మా. నెక్స్ట్ కాలర్, కుత్బుల్లాపూర్.

కాలర్: సార్, ఐదొందల సిలిండర్ అన్నరు, నా దగ్గర మొత్తం తీస్కుండ్రు.

ఇంజినీరు: ముందు మొత్తం కట్టాలి, 500 పోగా మిగతాది ఖాతాలో పడుతుంది. పడకపోతే ఆధార్ ఏ బ్యాంకుకి లింకైందో చూసుకోండి.

కాలర్: మరి నాకు రెండు ఖాతాలు...

యాంకర్: టైం తక్కువుందండీ. అంబర్‌పేట.

కాలర్: మేం కిరాయికి ఉంటం. ఓనర్ సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కు పది రూపాయలు తీస్కుంటడు.

ఇంజినీరు: సబ్ మీటర్‌కి గృహజ్యోతి వర్తించదు. నాలుగు పోర్షన్లు ఒకే మీటర్ మీదుంటే అందరి వాడకం కలిసి 200 దాటేస్తుంది, ఒక్కరికీ సున్నా రాదు. మీ పోర్షన్‌కి విడిగా సర్వీసు తీయమని ఓనర్‌ని అడగండి. తీశాక ఆ యూఎస్‌సీ నంబరుని, అంటే బిల్లు మీదుండే మీ సర్వీసు నంబరుని, మీ తెల్ల కార్డుకి ఎక్కించుకోవాలి. ఆ తర్వాత మీటర్ చూడండి...

యాంకర్: మీటర్ చూడండి! థాంక్యూ సర్. తర్వాతి కాలర్, ఉప్పల్...