రిలేకి దెబ్బ తగిలేది లైటు వేసేటప్పుడే

అందరికీ నమస్కారం. ఆదివారం పని మానుకుని గాజువాక నుంచీ, మధురవాడ నుంచీ వచ్చారు. సుత్తి లేకుండా విషయంలోకి వస్తాను.

ఈ రిలే చూడండి, టైమరు చెప్పినట్టు లైట్ల కరెంటుని కలిపే, విడదీసే స్విచ్ ఇది. మూత కోసి తెచ్చాను. బీచ్ రోడ్డు వైపు ఒక ఫంక్షన్ హాల్లో పార్కింగ్ లైట్లకి నేనే బిగించాను. 40 వాట్ల ఎల్‌ఈడీలు 20, మొత్తం 800 వాట్లు. నాలుగు ఆంపియర్లు కూడా లేదు. రిలే మీద 10 ఆంపియర్లు అని ఉంది. ఇంకేం, ధీమాగా ఉన్నాను. మూడు నెలలు తిరక్కుండా వాచ్‌మన్ ఫోన్ చేశాడు: "టైమరు ఆగిపోనాది గానీ లైట్లు ఆరట్లేదు బాబూ."

మొదట ఉప్పుగాలినే తిట్టుకున్నాను. మన ఊళ్లో ఏది పాడైనా నింద సముద్రానికే కదా! కానీ తుప్పు పడితే కాంటాక్టు, అంటే లోపల ఒకదానికొకటి తగిలి కరెంటుని కలిపే బొట్ల జత, కలవదు. ఇది కలిసింది, విడిపోలేదు. లోపలి రెండు వెండి బొట్లూ వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోయాయి.

అసలు దోషి లైటు వేసిన క్షణాన ఉరికే కరెంటు. పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బు దొరికితే మీటరు పెట్టి చూడండి, చల్లగా ఉన్నప్పుడు సుమారు 40 ఓములు చూపిస్తుంది. వెలిగాక అదే 530 ఓములవుతుంది. మన 230 వోల్టుల ఏసీ కరెంటు అలలా ఊగుతుంది, ఆ అల శిఖరం 325 వోల్టులు. సరిగ్గా ఆ శిఖరం దగ్గర స్విచ్ పడితే అర ఆంపియరు లాగే బల్బు ఎనిమిది ఆంపియర్లు లాగుతుంది. ఎల్‌ఈడీ ఇంకా గడుసుది. దానికి కరెంటు మార్చి ఇచ్చే డ్రైవర్ లోపల, ఛార్జి దాచుకునే కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది, కరెంటు రాగానే దాదాపు షార్ట్ లాగే ప్రవర్తిస్తుంది. మిల్లీసెకనులో కొంత భాగమే, కానీ ఒక్క ఫిట్టింగే పదుల ఆంపియర్లు లాగేయగలదు. అలాంటివి 20 ఒకేసారి!

రిలే కాంటాక్టు ఒక్క దెబ్బతో మూసుకోదు. నేల మీద పడ్డ గోళీలా టకటకా ఎగిరి కుదురుకుంటుంది. ఆ ఎగిరే క్షణాల్లోనే కరెంటు ఉరికితే ఆర్క్, అంటే నిప్పురవ్వ, వచ్చి వెండి కరుగుతుంది, కరిగినదాని మీదే కాంటాక్టు వాలుతుంది. వెండి 962 డిగ్రీలకే కరుగుతుంది మరి.

షాపులో అడిగితే "స్నబ్బర్ పెట్టండి" అంటారు. వద్దు. ఆ రెసిస్టరు, కెపాసిటరు జత మోటారు లాంటి కాయిల్ లోడు ఆపేటప్పుడు వచ్చే ఆర్క్‌కి మందు, మన జబ్బు వేసేటప్పటిది. పైగా కాంటాక్టుకి అడ్డంగా పెడితే దానిగుండా లీకైన కరెంటుతో ఆపేసిన ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంటుంది. అప్పుడు ఇంటావిడ ఫోన్ చేసేది మీకే.

నేను మొదట చేసేది లైట్లని విడదీయడం. ఐదేసి చొప్పున నాలుగు రిలేలు, మధ్య ఒక్కో సెకను గ్యాప్. తర్వాత రిలే ఎంపిక. వెండిలో టిన్ ఆక్సైడ్ కలిసిన కాంటాక్టులు అతుక్కోవడం తక్కువ. డేటాషీట్‌లో "80 ఆంపియర్లు, 20 మిల్లీసెకన్లు" లాంటి ఇన్‌రష్ అంకె, అంటే వేసిన క్షణాన ఉరికే కరెంటుని ఎంత తట్టుకుంటుందో, ఉందో లేదో చూడండి. కొన్నిట్లో ముందుగా టంగ్‌స్టన్ కాంటాక్టు కలిసి ఆ దెబ్బ తింటుంది, వెండిది వెనకాల వస్తుంది. ఖరీదే, కానీ నిచ్చెనేసుకుని మళ్లీ మళ్లీ ఎక్కే కూలీతో పోలిస్తే చవక. కాంటాక్టర్ (పెద్ద లోడ్లకి వాడే పెద్ద రిలే) అయితే దాని మీదున్న ఏసీ-1 రేటింగు అంకె చూసి కొనకండి, అది హీటర్ల లెక్క. లైట్లకి ఏసీ-5 చూడాలి.

ఎన్‌టీసీ థర్మిస్టర్, అంటే వేడెక్కేకొద్దీ అడ్డు తగ్గే రెసిస్టరు, లైన్లో పెట్టినా పనిచేస్తుంది. చల్లగా 10 ఓములుంటే ఎంత ఉరికినా 33 ఆంపియర్లు దాటదు. కాకపోతే వేడెక్కాక దాని అడ్డు పోతుంది. కరెంటు పోయి వెంటనే వచ్చిందా, ఆ దెబ్బ నేరుగా రిలేకే.

వోల్టేజీ సున్నా దగ్గర ఉన్నప్పుడు మూసే జీరో క్రాసింగ్ రిలేలూ ఉన్నాయి. ఎల్‌ఈడీ డ్రైవర్లకి బాగుంటాయి. ఇనప ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఫిట్టింగులకి మాత్రం పెట్టకండి, సున్నా దగ్గర మూస్తేనే అవి ఎక్కువ లాగుతాయి.

ఈ రిలే చేతులు మారుతూ వెనక వరుస దాకా వెళ్లనివ్వండి. బొట్ల అంచున చిన్న నల్లటి మెరక ఉంది, గోరుతో తడిమితే తెలుస్తుంది. చూశాక నాకే ఇచ్చేయండి, వచ్చే వారం అనకాపల్లిలో చూపించాలి.