సున్న ఎక్కడుంది?

(నల్లగొండ జిల్లాలో చుట్టుపక్కల బడుల ప్రాథమిక ఉపాధ్యాయులు కలిసే కాంప్లెక్స్ సమావేశంలో చేసిన ప్రసంగం)

మిత్రులందరికీ నమస్కారం. కొలతల్లో, దత్తాంశంలో, అంటే సమాచారాన్ని సేకరించి పట్టికల్లో, బొమ్మల్లో చూపడంలో, వెనకబడిన పిల్లలకు ఎలా చెప్పాలి అన్నది ఈ రోజు నాకిచ్చిన అంశం. ముందుగా ఒక పెన్సిల్ సంగతి చెబుతాను.

నాలుగో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఆమె స్కేలు విరిగిపోయి 3 దగ్గర మొదలయ్యేది. పెన్సిల్ పొడవు కొలవమన్నాను. ఒక కొసను విరిగిన అంచుకు ఆనించి, రెండో కొస దగ్గరి అంకె చదివి "పదకొండు" అంది. కాదన్నాను. ఈసారి వేలు పెట్టి ఒక్కో గీతనూ లెక్కపెట్టింది. 3 నుంచి 11 దాకా తొమ్మిది గీతలు. "తొమ్మిది" అంది. అదీ కాదన్నాను. పక్క పిల్లవాడి దగ్గర మంచి స్కేలు అడిగి తీసుకుని, పెన్సిల్ కొసను 1 మీద పెట్టి చూసింది. రెండో కొస 9 మీదికి వచ్చింది. "చూడండి టీచర్, దీని మీద కూడా తొమ్మిదే వచ్చింది" అని స్కేలు నా చేతికిచ్చింది.

ఆ పెన్సిల్ పొడవు ఎనిమిది సెంటీమీటర్లు. రెండు వేర్వేరు పొరపాట్లు ఒకే జవాబు ఇచ్చేసరికి, అది సరైన జవాబేనని ఆ అమ్మాయికి గట్టి నమ్మకం కుదిరింది. ఆమె కూడికలు, తీసివేతలు చక్కగా చేసేది. ఎక్కాలు వచ్చు. అయినా కొలతల పాఠానికి వచ్చేసరికి నా రిజిస్టరులో ఆమె పేరు పక్కన "వెనకబడిన విద్యార్థిని" అని రాసి ఉంది. అది రాసింది నేనే. స్కేలు పెట్టు, చివరి అంకె చదువు అని నేర్పిందీ నేనే. పొడవు ఉండేది గీత మీద కాదు, గీతకూ గీతకూ మధ్య అన్న మాట ఏ రోజూ నా నోటి నుంచి రాలేదు.

ఆమె తండ్రి బత్తాయి తోటలో పనిచేసేవాడు. అందుకని మర్నాడు తరగతిని ఆవరణలోకి తీసుకెళ్లాను. తోటలో ఒక వరుసలో పది చెట్లు ఉన్నాయనుకోండి, చెట్టుకూ చెట్టుకూ ఇరవై అడుగుల ఎడం అన్నాను. మొదటి చెట్టు నుంచి చివరి చెట్టు దాకా ఎంత దూరం? తరగతి మొత్తం "రెండు వందలు" అంది. పదిమందిని చెట్లలా నిలబెట్టాను. మరో పిల్లవాణ్ణి మొదటి చెట్టు దగ్గర నుంచి నడవమన్నాను. ఒక ఎడం దాటినప్పుడల్లా మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి. తొమ్మిది చప్పట్లకు చివరి చెట్టు వచ్చేసింది. దూరం నూట ఎనభై అడుగులు. పిల్లలు నమ్మలేదు, మళ్లీ నడిచారు. రెండోసారి నడక అయ్యాక ఆ అమ్మాయి అడిగింది: "అయితే స్కేలు మీద కూడా మధ్యలో ఉన్నదాన్నే లెక్కపెట్టాలా టీచర్?"

ఆ ప్రశ్న వచ్చిన తరువాత నేను చెప్పవలసింది పెద్దగా మిగలలేదు. అప్పటి నుంచి నా తరగతిలో ఎవరి స్కేలు వాళ్లే తయారు చేసుకుంటారు. అట్టముక్క మీద సెంటీమీటరు వెడల్పున్న ఎర్ర కాగితం, నీలి కాగితం ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా అంటించాలి. వారం రోజులు అంకెలు ఉండవు. వస్తువు పక్కన పెట్టి ఎన్ని ముక్కలు పట్టాయో చెప్పాలి, అంతే. అంకెలు రాసే రోజు మాత్రం తగాదా తప్పదు. మొదటి ముక్క మధ్యలో 1 రాయాలని కొందరు, ముక్క ముగిసేచోట రాయాలని కొందరు. ఆ తగాదాను నేను తీర్చను. వాళ్లలో వాళ్లే తేల్చుకునేసరికి పీరియడ్ అయిపోతుంది. చివరికి మొదటి ముక్కకు ముందు ఉన్న అంచు దగ్గర ఏం రాయాలన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు సున్న పుడుతుంది. నా అనుభవంలో, సున్నను అలా తామే కనుక్కున్న పిల్లలు మళ్లీ 1 దగ్గర నుంచి కొలవరు.

యూనిట్ల సంగతిలో మనం తొందరపడుతున్నామని నా గట్టి అభిప్రాయం. మీటరుకు వంద సెంటీమీటర్లు, కిలోకు వెయ్యి గ్రాములు అని మార్పిడి లెక్కలు ముందే చేయిస్తున్నాం. మీటరు ఎంత ఉంటుందో చేతులు చాచి చూపలేని పిల్లవాడికి ఆ లెక్క సున్నలు చేర్చే, తీసేసే ఆట మాత్రమే. ముందు జానతో మొదలుపెట్టండి. ఒకే బల్ల నా జానకు ఆరు, పిల్లవాడి జానకు తొమ్మిది వస్తుంది. ఎవరు కొలిచిన బల్ల పెద్దది అని అడిగితే చాలామంది తొమ్మిది వచ్చిందే పెద్దదంటారు. కొలిచేది చిన్నదైతే లెక్క పెరుగుతుందన్నది చేత్తో కొలిస్తేనే తెలుస్తుంది.

ఇళ్లలో పాత కొలతలు ఇంకా ఉన్నాయి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని నానమ్మలు చెబుతారు. దేశంలో మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టం వచ్చినా పొలం ఇప్పటికీ గుంటల్లోనే, ఇంటి స్థలం గజాల్లోనే, జాకెట్టు గుడ్డ కొలత అంగుళాల్లోనే. పుస్తకంలో మాత్రం సెంటీమీటర్లు. ఇన్ని కొలతల మధ్య పెరిగే పిల్లలకు తికమక సహజం. నలభై గుంటలు ఎకరం అని మన పిల్లలకు ఇంట్లోనే తెలుసు. అరెకరానికి ఎన్ని గుంటలో అడిగితే పలక లేకుండానే చెబుతారు. ఆ తెలివి మీదనే పాఠం కట్టాలి.

కొలతలు నేర్పేవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఉపాధి హామీ పథకం 2006లో మొదటి విడతలోనే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు వచ్చింది. తవ్విన మట్టి కొలతను బట్టి కూలి పడుతుంది. పాలమూరు నుంచి వలస వెళ్లి కాలువలు తవ్విన కుటుంబాల్లో ఈ లెక్క తాతల కాలం నుంచీ ఉంది. ఆ పనికి వెళ్లే ఒక తల్లిని బడికి పిలిచాను. ఆమె టేపు తీసుకుని ఆవరణలోని గుంత పొడవు, వెడల్పు, లోతు కొలిచి చూపింది. టేపు కొసను బొటనవేలితో గుంత అంచుకు అదిమి పట్టుకుంది. గోరు తెల్లబడేంత గట్టిగా. అంత గట్టిగా ఎందుకమ్మా అని పిల్లలు అడిగారు. "కొస లోపలికి జరిగితే గుంత చిన్నదవుతుంది బిడ్డా, మా కూలి తగ్గుతుంది" అంది. సున్న విలువ గురించి అంతకన్నా బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

కాలం విషయం కొద్దిగా చెబుతాను. 9:45కు బయలుదేరిన బస్సు 10:20కి చేరింది, ఎంతసేపు ప్రయాణం అంటే పిల్లలు 1020లో నుంచి 945 తీసేసి 75 నిమిషాలంటారు. తీసివేత తప్పు కాదు, గంటకు అరవై నిమిషాలన్నది అక్కడ లేదు. ఒక గీత గీయండి. 9:45 నుంచి పదికి పదిహేను నిమిషాలు, పది నుంచి ఇరవై. మొత్తం ముప్పై ఐదు. ఇక్కడా లెక్కపెట్టేది మధ్యలో ఉన్నదాన్నే.

దత్తాంశానికి ఖాళీ అగ్గిపెట్టెలు చాలు. నడిచి వచ్చినవాళ్లు, సైకిలు మీద వచ్చినవాళ్లు, ఆటోలో వచ్చినవాళ్లు తమ పేరు రాసిన పెట్టెను ఆయా వరుసలో పెడతారు. వరుసలన్నీ ఒకే గీత మీద మొదలుకావాలి, పెట్టెలన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి. ఒకసారి కావాలనే ఒక వరుసలో పెద్ద పెట్టెలు పెట్టండి. "అది పొడుగ్గా ఉంది కానీ ఎక్కువ కాదు" అని పిల్లలే అభ్యంతరం చెబుతారు. కమ్మీ రేఖాచిత్రం (బార్ గ్రాఫ్) వాళ్లకు అర్థమైందనడానికి నాకు ఆ అభ్యంతరమే గుర్తు.

ఐదో తరగతికి వానకాలంలో నాగార్జునసాగర్ ఉంది. పూర్తి నీటిమట్టం 590 అడుగులు. పత్రికలో వచ్చే నీటిమట్టాన్ని పిల్లలు రోజూ పట్టికలో రాస్తారు. ఒక అబ్బాయి అడిగాడు: "నీళ్లు 590 అడుగుల లోతు ఉంటాయా?" ఆనకట్ట ఎత్తే 124 మీటర్లు, అంటే సుమారు 407 అడుగులు. మరి 590 ఎలా వచ్చింది? తరగతి అంతా ఆలోచనలో పడింది. ఆ కొలతలో సున్న డ్యాం అడుగున లేదు, సముద్రమట్టం దగ్గర ఉంది. విరిగిన స్కేలుతో కుస్తీ పట్టిన పిల్లలకు ఈ మాట వెంటనే అందింది.

2022లో, ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి ఏ పిల్లవాడు ఏ స్థాయిలో ఉన్నాడో రాసుకుంటున్నాం. ఆ రాత పక్కనే పిల్లవాడు చెప్పిన తప్పు జవాబును కూడా ఉన్నదున్నట్టుగా రాయమని నా విన్నపం. "తప్పు" అని రాస్తే మనకేమీ తెలియదు. "తొమ్మిది అంది" అని రాస్తే రేపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఇక మాట్లాడటం ఆపుతాను. మీ బల్లల మీద ఉన్న సంచుల్లో విరిగిన స్కేళ్లు, ముళ్లు వేసిన తాళ్లు, ఎర్ర కాగితం, నీలి కాగితం ఉన్నాయి. మొదటి రెండు బల్లలవారు తాళ్లు తీసుకుని వరండాలోకి రండి. మిగతావారు విరిగిన స్కేలుతో మీ పెన్ను కొలిచి, వచ్చిన జవాబును పక్కవారికి చూపకుండా కాగితం మీద రాయండి.