గడియ లోపలి వైపున ఉండాలి: కెరెన్ బ్రౌన్ విల్సన్ వృత్తి జీవితం

నమస్కారం. అసిస్టెడ్ లివింగ్ అంటే పెద్దవాళ్లు తమదైన ఇంట్లో ఉంటూనే రోజువారీ పనుల్లో సాయం పొందే పద్ధతి. ఆ పేరు వినగానే మనలో చాలామంది దానిని ఖరీదైన వృద్ధాశ్రమంగా లెక్కగట్టేస్తారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. అమెరికాలో ఆ పద్ధతికి రూపమిచ్చిన కెరెన్ బ్రౌన్ విల్సన్ కృషి అంతా, నా దృష్టిలో, ఒక్క తలుపు గడియ చుట్టూ తిరిగింది.

ఆమెకు 19 ఏళ్లప్పుడు తల్లి జెస్సీకి పక్షవాతం వచ్చింది. అప్పటికి జెస్సీ వయసు 55 మాత్రమే. నర్సింగ్ హోమ్‌లో, అంటే తమ పనులు తాము చేసుకోలేని వారిని దీర్ఘకాలం ఉంచుకుని చూసే చోట, ఏళ్లు గడిపిన ఆ తల్లి కోరుకున్నవి చాలా చిన్నవి: తన పిల్లి, తన విక్స్ డబ్బా, కాఫీ కాచుకునే గిన్నె, తాను వేసుకోగల గడియ ఉన్న ఒక గది. తనలాంటి వాళ్ల కోసం ఏదైనా చేయమని కూతురిని అడిగింది. విల్సన్ వృద్ధుల జీవితాన్ని అధ్యయనం చేసే శాస్త్రం వైపు వెళ్లింది అందుకే.

ఇక్కడే అసలు తేడా ఉంది. నర్సింగ్ హోమ్ ఆసుపత్రిని చూసి కట్టినది. అక్కడ ఉండేది రోగి, కాబట్టి సిబ్బంది ఎప్పుడైనా లోపలికి రావచ్చు. 1983లో ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లండ్‌లో విల్సన్ తెరిచిన పార్క్ ప్లేస్‌లోని 112 ఇళ్లలో ఉన్నవారు అద్దెకున్నవారు. భోజనం, స్నానానికి సాయం, మందులు, పిలిస్తే రాత్రి వేళ కూడా పలికే మనిషి అన్నీ ఉన్నా, వచ్చినవారు తలుపు తట్టాలి. గడియ ఎవరి చేతిలో ఉంటే ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఎవరిని రానివ్వాలో నిర్ణయించేది వాళ్లే.

గడియ వేసుకున్న పెద్దావిడ లోపల పడిపోతే ఏం గతి అని చాలామంది భయపడ్డారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే రాష్ట్ర ప్రభుత్వం అక్కడి వారి ఆరోగ్యాన్ని దగ్గరుండి గమనించింది. 1988లో వెలువడిన ఫలితాల ప్రకారం వారి ఆరోగ్యం దెబ్బతినలేదు, సంతృప్తి పెరిగింది, తీవ్రమైన కుంగుబాటు తగ్గింది. ప్రభుత్వ సాయంతో ఉన్నవారిపై ఖర్చు నర్సింగ్ హోమ్ కంటే 20 శాతం తక్కువైంది. గడియ వల్ల కలిగిన మేలు ఇంత స్పష్టంగా లెక్కల్లో కనిపించడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

సమయం తక్కువగా ఉంది కనుక మిగతాది వేగంగా చెబుతాను. 1990లలో ఆమె సారథ్యంలోని అసిస్టెడ్ లివింగ్ కాన్సెప్ట్స్ అనే కంపెనీ షేర్ మార్కెట్‌కు వెళ్లి, 18 రాష్ట్రాల్లో 184 నివాసాలకు పెరిగింది. ఈలోగా అసిస్టెడ్ లివింగ్ అనే పేరును అందరూ వాడుకోవడం మొదలుపెట్టారు. పేరు మిగిలి, గడియ పోయిన చోట్లు ఎన్నో వచ్చాయి. 2000లో ఆమె ఆ కంపెనీ నుంచి తప్పుకున్నారు. తర్వాత తల్లి పేరిట నెలకొల్పిన ఫౌండేషన్ ద్వారా నికరాగువాలోని పేద వృద్ధుల కోసం పనిచేశారు.